ఆరు గదుల పెట్టె

జనవరి 6, సోమవారం

పాలెంలో ఇవాళ తిట్లు తిన్నాను. లిడియమ్మ తిట్టింది, ఆమె కోడలు జయకుమారి తిట్టింది, గొడ్లు తోలుకుపోతున్న ఇమ్మానియేలు కూడా ఆగి తన వంతు తిట్టి పోయాడు. తొంభై ఎనిమిదిలో ఇదే పాలెంలో నాకు దండ వేశారు. ఇంటింటికీ కప్పు మీద సోలార్ ప్యానెల్, లోపల గూట్లో బ్యాటరీ, రెండు ట్యూబులు. స్విచ్ వేసి చూపించినప్పుడు ఈ లిడియమ్మే నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఇచ్చింది స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, బిగించింది నేను. వాళ్ళు ఒంగోలు ఆఫీసుకు తాళం వేసుకుని వెళ్ళిపోయారు. మిగిలింది నేను కాబట్టి తిట్లు నాకే.

"నీ దీపం సచ్చింది బుల్లయ్యా. కిస్మస్ నాడు కిరసనాయిలు బుడ్డి ముట్టించుకొని ప్రార్థన జేసుకున్నాం. ఆ పొగకి నా కళ్ళు మండి పాట గూడా పాడలా."

"ప్యానెల్ బాగానే ఉంది లిడియమ్మా. ఇరవయ్యేళ్ళు ఉంటది. పోయింది బ్యాటరీ."

"ప్యానెల్ బాగుంటే దీపం ఎందుకు రాదు?"

ఆమెకు అర్థమయ్యే లెక్కలో చెప్పాను. పగలు ఎండకి కరెంటు పండుతది, నీకేమో చీకటి పడ్డాక కావాల. అందాకా దాచిపెట్టేది బ్యాటరీ. మిర్చికి కోల్డ్ స్టోరేజీ ఎట్టాగో దీనికి ఇది అట్టాగ. పంట బాగానే వస్తంది, దాచే చోటు కూలింది.

"అయితే ఇంకోటి కట్టించు" అంది.

మూత తీసి చూస్తే లోపల ప్లేట్లు తెల్లగా బూజు పట్టినట్టున్నాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప పోయొద్దని మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాను. బోరు నీళ్ళు పోశారు. మన బోరు నీళ్ళకు సబ్బే నురగ రాదు, ఇక బ్యాటరీ ఏం బతుకుతుంది? దానికి తోడు ట్యూబులకని ఇచ్చిన దాన్ని టీవీకి తగిలించి అడుగంటా పీల్చారు. అయినా ఇన్నేళ్ళు వచ్చిందంటే నా చేతి పని. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ రత్నం నవ్వుతుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

జనవరి 12, ఆదివారం

మా అమ్మాయి రమ్యను బండి మీద పాలెం తీసుకెళ్ళాను. నాతో రావడమంటే దానికి పండగ. రెండో తరగతి పిల్ల, పన్నెండో ఎక్కం దాకా ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. లిడియమ్మ అరుగు మీద ముక్కాలి పీట వేసి నిలబెట్టాను. ఆడవాళ్ళు చేరారు. కాలవ అవతలి ఊరి నుంచి పనికొచ్చినవాళ్ళు కూడా ఆగారు. ఏడో ఎక్కం అడిగితే ఏడు, తొమ్మిది అడిగితే తొమ్మిది. చివర్న "ఇంకోటి అడగండి" అంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. అందరూ నవ్వారు.

"ఇది కలెక్టరు అయితది చూడు" అని లిడియమ్మ కొంగులో రేగుపళ్ళు దాని గౌను జేబుల్లో నింపింది. నా బ్యాటరీల సంగతి కాసేపు ఎవరికీ గుర్తు రాలేదు. మళ్ళీ తీసుకెళ్ళాలి.

జనవరి 27

బావమరిది యలమంద వాడరేవు నుంచి వచ్చాడు. వలల అడుగున బరువుకు సీసం గుళ్ళు కడతారు, ఇప్పుడు సీసం బజార్లో మండిపోతోందట. "చచ్చిన బ్యాటరీలు పాలెంలో మూలన పడున్నాయంటగా బావా, లోపలి సీసం ప్లేట్లు నాకియ్యి, కరిగించుకుంటా" అన్నాడు. వారం వారం చేపలు తెస్తానన్నాడు.

ఒకటే షరతు పెట్టాను. మా ఇంట్లో కరిగించకూడదు. సీసం పొగ మంచిది కాదని ఐటీఐలో మాకు చెప్పారు. సముద్రం ఒడ్డున గాలిలో చేసుకో, ఆదివారాలు రమ్య నీ దగ్గరికి వస్తుంటది, పిల్లలు ఉండే చోట వద్దు అన్నాను. యలమంద నవ్వాడు, మా బావకి అన్నీ చాదస్తాలే అని. చాదస్తమే. నా ఇల్లు శుభ్రంగా ఉండాలి. పొగ లేని దీపం బిగించినవాణ్ణి నేను.

ఫిబ్రవరి 4

పాలెం వాళ్ళు బ్యాటరీలు ఇవ్వరట. వెలగని దానితో ఏం చేసుకుంటారమ్మా అంటే, "పాత చీరలిస్తేనే స్టీలు గిన్నె ఇస్తారు, ఇంత బరువు సామాను ఊరికే ఎట్టా ఇస్తాం?" అంది జయకుమారి. గిన్నెల వాడి దగ్గర బేరాలాడి ఆడాళ్ళు ఆరితేరారు. నా దగ్గర గిన్నెలెక్కడివి?

ఫిబ్రవరి 7

నాకు తట్టింది. ఎవరికీ తట్టనిది నాకు తట్టింది.

బ్యాటరీ డబ్బా లోపల ఆరు గదులుంటాయి, నల్లటి గట్టి ప్లాస్టిక్కు. యాసిడ్ గుంటలో సున్నం వేసి పోసేస్తాను. ప్లేట్లు గోతంలో వేసి యలమందకు పంపుతాను. ఖాళీ డబ్బాని రంపపు బ్లేడుతో సగానికి కోసి, అంచులు నున్నగా అరగదీసి, బూడిదతో కుంకుడు రసంతో తోమి ఎండబెడితే, ఆరు గదుల పెట్టె. పైన టేకు చెక్క మూత, దానికో పిడి. ఉప్పు, కారం, చింతపండు, పసుపు, ఆవాలు, జీలకర్ర. ఏ గదిది ఆ గదికే.

అడుగున బూడిదరంగు మడ్డి కాస్త పట్టుకుని ఉంది, గీకినా పోలేదు. ప్లాస్టిక్కు రంగే అయ్యుంటుంది.

మొదటిది రత్నానికి ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి, "నీ చేతిలో పడితే చచ్చిందాన్ని గూడా బతికిస్తావయ్యా" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఇంత పొగిడిన రోజు లేదు.

ఫిబ్రవరి 16

పాలెం పని అయిపోవచ్చింది. పెట్టె చూపిస్తే ఎవరూ బేరమాడలేదు. చర్చి గోడ పక్కన కూర్చుని విప్పడం, కోయడం, తోమడం, ఇవ్వడం. లిడియమ్మ తన పెట్టె మూత మీద శిలువ గుర్తు చెక్కించుకుంది. కాలవ అవతలి ఊరివాళ్ళు కబురు చేశారు, మాకూ కావాలని. చచ్చిన బ్యాటరీలు ఊళ్ళో పడి ఉండకుండా నేనొక్కణ్ణే ఎత్తేస్తున్నాను. ఈ మాట సంస్థ వాళ్ళు వినాలి.

ఫిబ్రవరి 23

పండుమిరప పచ్చడి పెట్టే రోజు. రత్నం, రమ్య కలిసి తొడిమలు తీశారు. ఉప్పు, చింతపండు వేసి రోట్లో దంచేసరికి వీధంతా తుమ్ములు. తీరా చూస్తే జాడీ పగిలి ఉంది, పోయినేడు ఎలుకల్ని తరుముతూ నేనే తన్నానట. నాకు గుర్తు లేదు. పోపు సామాను డబ్బాల్లోకి మార్చేసి పచ్చడి మొత్తం నా పెట్టెలో ఎత్తింది. ఆరు గదులూ నిండాయి. మూత ఎంత బాగా అమరిందో చూడవయ్యా అంది.

మార్చి 9

పచ్చడి ఈ ఏడు కాస్త తీపి తగులుతోంది. ఉప్పు తగ్గించావంటాను నేను. కాయ మారిందంటుంది రత్నం. రమ్యకు మాత్రం తెగ నచ్చింది. కారమని ఎన్నడూ ముట్టుకోని పిల్ల వేలితో తీసుకుని నాకుతోంది.

మార్చి 23, ఆదివారం

ప్రపంచకప్ ఫైనల్లో మనవాళ్ళు ఓడిపోయారు. కాలవ అవతలి ఊళ్ళో ఆఖరి బ్యాటరీ కూడా ఆ మ్యాచ్ చూసిన టీవీ కిందే పోయింది. ఇక అన్నీ పెట్టెలే.

ఏప్రిల్ 8

రమ్యకు కడుపునొప్పి. అన్నం వద్దంటుంది. చీరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కనురెప్ప కిందికి లాగి చూసి రక్తం తక్కువ, కడుపులో పాములున్నాయి అన్నాడు. టానిక్కు, పురుగుల మందు రాశాడు. రాస్తూ, "మీరేం చేస్తారు?" అని అడిగాడు.

"సోలార్ అండి."

"మంచి పని. భవిష్యత్తంతా దాందే" అన్నాడు.

బయటికొచ్చాక రత్నం నన్ను అదోలా గర్వంగా చూసింది. నాకూ కొంచెం ఛాతీ పొంగింది, అబద్ధం ఎందుకు.

ఏప్రిల్ 17

టీచరమ్మ పిలిపించింది. రమ్య పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చిందట. క్లాసులో నిద్రపోతోందట. ఇంటికొచ్చి ఏడో ఎక్కం చెప్పమన్నాను. ఏడు రెళ్ళు దగ్గర ఆగింది. ఆరో ఎక్కం అన్నాను. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. వేషాలు వేస్తున్నావా అని ఒక్కటి వేశాను. చెంప మీద వేళ్ళు తేలాయి.

ఏడవలేదు. అది ఏడవకపోవడమే నాకు బాగా లేదు. సాయంత్రం బిస్కెట్లు తెచ్చాను, ముట్టుకోలేదు. పచ్చడి ముద్ద పెడితే మాత్రం రెండు ముద్దలు తింది.

ఏప్రిల్ 29

నాకు కీళ్ళ నొప్పులు. తల దిమ్ముగా ఉంటోంది. రత్నానికి కడుపులో పట్టేస్తోంది. ఎండలు అట్లా ఉన్నాయి మరి. చీరాల్లో వడదెబ్బకు రోజుకొకరు పోతున్నారు.

మే 6

రమ్యకు ఫిట్స్ వచ్చాయి. పెరట్లో స్నానం చేయిస్తుంటే రత్నం చేతుల్లోనే కొయ్యబారింది. గుంటూరు తీసుకెళ్తున్నాం.

మే 10, గుంటూరు

ఇక్కడి డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడదు. రమ్య పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. నన్ను కూడా చూడమంది. పంటి మొదట్లో సన్నగా నీలం గీత. పెన్నుతో గీసినట్టుంది.

"ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా?"

"లేదండి."

లేదనే చెప్పాను. అది అబద్ధం కాదు. ఇంట్లో ఎవరూ చెయ్యరు. నేను విప్పేది పాలెంలో, యలమంద కరిగించేది వాడరేవులో.

"మీ వృత్తి?"

"సోలార్ లైట్లు బిగిస్తానండి."

తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది. కాటుక పెడతారా, నాటు మందులు వాడారా, గోడలకు పాత రంగులున్నాయా. అన్నిటికీ లేదన్నాను. సోలార్ అన్న మాట వినగానే ఎవరూ ఇంకేమీ అడగరు. రత్నం నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

మే 14

రక్తంలో సీసం. మోకాళ్ళ ఎక్స్‌రేలో కూడా తెల్లటి గీతలున్నాయట. ఎంత ఉండాలో, ఎన్ని రెట్లు ఉందో డాక్టరమ్మ చెప్పింది. నేను వినలేదు.

అప్పుడు చెప్పాను, నా బావమరిది వాడరేవులో సీసం కరిగిస్తాడని, పిల్ల ఆదివారాలు అక్కడికి వెళ్తుందని. ఆమె కలం పక్కన పెట్టింది.

"మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మా ఇంట్లో కాదు కదండి."

ఆమె నర్సును పిలిచింది. మందు మొదలుపెట్టారు.

మే 15

యలమంద ఆసుపత్రికి వచ్చాడు, పీతలు వండించుకుని. వరండాలోనే పట్టుకున్నాను. "పిల్లలున్న చోట వద్దని చెప్పానా లేదా? నా బిడ్డను చంపడానికే దాపురించావు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాళ్ళ అమ్మను కూడా అన్నాను.

"పిల్ల వచ్చిన రోజు నేను పొయ్యే ముట్టించలా బావా. మా అమ్మ మీద ఒట్టు. నువ్వు జెప్పింది నేను మర్చిపోలా."

అబద్ధాలాడకు అన్నాను. క్యారేజీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. రత్నం నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. తప్పు ఎవరిదో తేలింది.

మే 25

రమ్య నవ్వింది. పక్క మంచం పిల్లాడి బొమ్మ లాక్కుంది. రెండో ఎక్కం సగం దాకా చెప్పింది. సీసం తగ్గుతోందన్నారు. ఎల్లుండి పంపించేస్తారట.

మే 28, ఇల్లు

చిక్కిపోయి వచ్చింది పిల్ల. ఆసుపత్రి చప్పిడి తిండి తిని తిని నోరు చచ్చిపోయిందట. రత్నం వచ్చీ రాగానే పొయ్యి ముట్టించి, వేడన్నంలో నెయ్యి వేసి పచ్చడి కలిపింది. తల్లీకూతుళ్ళు ఒకే కంచంలో తిన్నారు. చూస్తుంటే కడుపు నిండింది.

వాడరేవు గడప ఇక తొక్కేది లేదని చెప్పేశాను. ఇల్లు శుభ్రంగా ఉంటే చాలు.

జూన్ 12

బడి తెరిచారు. రమ్య వెళ్ళనంది. ఎత్తుకుని తీసుకెళ్ళాను.

జూన్ 14

కడుపునొప్పి. కొత్త బడి పుస్తకాల భయం అంటాను నేను.

జూన్ 16

భయమే.

జూన్ 18

మళ్ళీ ఫిట్స్. మళ్ళీ గుంటూరు.

జూన్ 20, గుంటూరు

ఇది రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా మార్చి చెప్పుకుంటాను. నా సంగతి నాకు తెలిసింది.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. రమ్య రత్నం ఒళ్ళో ఉంది.

"ఇక్కడ తగ్గింది, ఇంటికెళ్ళాక పెరిగింది. అంటే మీ ఇంట్లోనే ఉంది. వాడరేవు వెళ్ళిందా?"

"లేదండి. అటు చూడనివ్వలేదు."

"ఏం తింటుంది?"

రత్నం చెప్పింది. "ఏవీ తినదండి. పచ్చడి ముద్ద పెడితే తింటది, పండుమిరపకాయ పచ్చడి. తియ్యగా ఉంటదని ఇష్టం."

"పచ్చడి తియ్యగా ఉండటమేంటమ్మా?"

"ఈ ఏడు కాయ అట్టా వచ్చిందండి."

డాక్టరమ్మ ముందుకు వంగింది. సీసం పులుపులో దిగితే తీపి పుడుతుంది, పిల్లలు పాత రంగు పెచ్చులు అందుకే నాకుతారు అంది. "పచ్చడి దేంట్లో పెట్టారు? ఇత్తడిదా? కళాయి వేసిందా?"

"కాదండి. మా ఆయనే చేశాడు" అని రత్నం నా వైపు చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నా వైపు మంచిగా చూసింది. "ఆరు గదుల పెట్టె. భలే కుదిరింది."

"దేంతో చేశారు?"

నన్నే అడిగింది. అడుగున పోని బూడిదరంగు మడ్డి కళ్ళ ముందుకు వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"బ్యాటరీతో" అంది రమ్య.

జూన్ 22

ఒక్కణ్ణే ఇంటికి వచ్చాను. పెట్టెలో రెండు గదుల పచ్చడి మిగిలి ఉంది. గొయ్యి తవ్వి పచ్చడితో సహా పాతిపెట్టాను. మూత ఒక్కటి చేతిలో మిగిలింది, దాన్ని కూడా వేశాను.

యలమంద అబద్ధం ఆడలేదు. వాడి దగ్గరికి వెళ్ళాలి. ఏ ముఖంతో వెళ్ళాలో తెలియదు.

జూన్ 27

రత్నం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఒకటే మాట అంది.

"ఆకలి లేదన్నప్పుడల్లా బలవంతంగా నేనే పెట్టా. నా చేత్తోనే పెట్టా."

ఆ చెయ్యి నాదని చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 29

పోయింది కొంత తిరిగి వస్తుంది, కొంత రాదు అంది డాక్టరమ్మ. ఏది వస్తుంది, ఏది రాదు అని అడిగాను. బడికి పంపుతూ ఉండండి, తెలుస్తుంది అంది.

వచ్చేసేటప్పుడు గుమ్మం దగ్గర ఆపింది. "ఇలాంటి పెట్టె ఇదొక్కటేనా?"

పాలెం అంతా ఉన్నాయని, కాలవ అవతలి ఊరంతా ఉన్నాయని ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

జూలై 2

పాలెం వెళ్ళాను. లిడియమ్మ పొయ్యి పక్కన నా పెట్టె ఉంది, శిలువ మూతతో. చింతపండు గది అంచున తెల్లగా పూత కట్టి ఉంది.

"అది ఇచ్చెయ్యి లిడియమ్మా. దాంట్లో విషం ఉంది."

"ఇచ్చిన సామాను తిరిగి అడుగుతావేందయ్యా?"

చెప్పాను. రమ్య సంగతి చెప్పాను, సీసం సంగతి చెప్పాను. జయకుమారి చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది. "దీపం తెచ్చావు, సచ్చింది. బ్యాటరీ పట్టుకుపోయావు. ఇప్పుడు పెట్టె గూడానా? వేరే ఊళ్ళో ఎవురికన్నా మాటిచ్చావా?"

"మేం ఇన్నాళ్ళ నుంచి తింటన్నాం. ఎవురికీ ఏం గాలా" అంది లిడియమ్మ.

నులక మంచంలో ఆమె మనవడు బోర్లా పడుకుని ఉన్నాడు, పొట్ట కింద దిండు పెట్టుకుని. వీడికేమైందమ్మా అని అడిగాను.

"కడుపునొప్పి. పురుగుల మందు ఏశాం."

వాడి పెదవి ఎత్తి చూడబోయాను. జయకుమారి చేట కింద పెట్టి లేచింది. బయటికి పొమ్మంది. ఇమ్మానియేలు వచ్చి నన్ను బండి దాకా సాగనంపాడు. సాగనంపడం అని మర్యాదకు రాస్తున్నాను.

జూలై 6, ఆదివారం

పాస్టరుగారిని బతిమాలితే ఆరాధన అయ్యాక రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. మాట్లాడాను. ముందు వరసలో ఎవరో, దీపం ఇరవయ్యేళ్ళు ఉంటదన్నది ఈయనే అన్నారు. అందరూ నవ్వారు. ప్యానెల్ ఇరవయ్యేళ్ళు అన్నాను, దీపం అనలేదు. కానీ ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి? నన్ను నమ్మినప్పుడు విషం ఇచ్చాను. నిజం చెబుతున్నప్పుడు నమ్మడం లేదు.

ఒక్క పెట్టె కూడా రాలేదు.

జూలై 9

వాడరేవు వెళ్ళాను. యలమంద వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను.

"తప్పు నాదేరా" అన్నాను.

"అక్క ఫోను చేయించి చెప్పింది" అన్నాడు. వల ముడి బిగిస్తూ, "పాప తింటందా?" అన్నాడు.

వల అంచున సీసం గుళ్ళు నల్లగా వరసగా ఉన్నాయి. ఇద్దరం వాటిని చూస్తూ కూర్చున్నాం.

జూలై 11

పాలెం వాళ్ళు జనవరిలో రమ్యను చూశారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇంకోటి అడగమన్న పిల్లను చూశారు.

వద్దు. అది చేసే పని కాదు.

జూలై 12

రమ్యను మళ్ళీ పాలెం తీసుకెళ్తానని రత్నంతో అన్నాను. కూరగాయల కత్తి కింద పెట్టి నా వైపు చూసింది.

"దాన్ని పదిమందిలో నిలబెట్టి ఆడిస్తావా? అప్పుడు నీ గొప్పకి, ఇప్పుడు నీ పాపానికా?"

"లిడియమ్మ మనవడు మంచంలో ఉన్నాడు రత్నం."

మళ్ళీ కత్తి అందుకుంది. తర్వాత చూస్తే రమ్యది ఉతికిన గౌను తీసి గోడకు తగిలించి ఉంది.

జూలై 13, ఆదివారం

ఆరాధన వదిలే వేళకు చేరాం. లిడియమ్మ అరుగు మీద అదే ముక్కాలి పీట. రమ్య సొంతంగా ఎక్కలేకపోయింది, నేను ఎక్కించాను. ఆడవాళ్ళు చేరారు. జయకుమారి మళ్ళీ ఏం నాటకం అన్నట్టు గుంజకు ఆనుకుని నిలబడింది.

"గుర్తుందా ఈ పిల్ల?" అన్నాను.

"గుర్తు లేకేం, కలెక్టరు" అంది లిడియమ్మ.

"మూడో ఎక్కం చెప్పమ్మా."

రమ్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. అది మాత్రం మర్చిపోలేదు.

"మూడు ఒకట్ల మూడు. మూడు రెళ్ళు ఆరు. మూడు మూళ్ళు తొమ్మిది." అక్కడి నుంచి నెమ్మదించింది. పన్నెండు చెప్పింది, పదిహేను చెప్పింది. "మూడు ఆర్లు" అని ఆగింది. మళ్ళీ "మూడు ఆర్లు" అంది. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. నా వైపు చూసింది. నేను అందించలేదు. అందిస్తే వాళ్ళు నమ్మరని అందించలేదు. "మూడు ఆర్లు" అని ఇంకోసారి అని, చెయ్యి నడుం మీద నుంచి తీసేసింది.

ఎవరూ నవ్వలేదు. లిడియమ్మ లోపలికి వెళ్ళింది. పెట్టెలోదంతా నేల మీద కుమ్మరించిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి ఖాళీ పెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టింది, కొంగుతో ముఖం కప్పుకుంది. తర్వాత జయకుమారి కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. "వీడి చిగుళ్ళు చూడు బుల్లయ్యా" అంది. చూశాను. రేపు నాతో గుంటూరు రమ్మన్నాను.

ఒక్కొక్కరే తెచ్చి పెట్టారు. గోతం నిండింది. మా అత్త ఇంటికి పంపిన పచ్చడి సంగతేందని ఒకామె అడిగింది. అక్కడికీ వెళ్తానన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి ముందు కూర్చుని రమ్య అడిగింది.

"నాన్నా, తప్పు చెప్పానా?"

"లేదమ్మా."

"మరి లిడియమ్మ ఎందుకు ఏడ్చింది?"

ఏదో చెప్పాను. కాలవ వంతెన దాటాక మళ్ళీ అడిగింది. "అవతలి ఊళ్ళో కూడా చెప్పాలా?"

"బుధవారం వెళ్దాం."

"అప్పటికి నేర్చుకుంటా నాన్నా. అక్కడ ఆగకుండా చెప్తా."

ఇంటికొచ్చినప్పటి నుంచి వరండాలో కూర్చుని అదే చదువుతోంది. రత్నం చింతగింజలు పేర్చి చూపిస్తోంది. ఇందాక "మూడు ఆర్లు పద్దెనిమిది" అంది, తడుముకోకుండా. రత్నం దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చింది, చూడవయ్యా వస్తంది, చూడు అని నన్ను పిలిచింది. వెళ్ళి చూశాను. బాగుంది అన్నాను.

లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. అవతలి ఊళ్ళో పాలెం కంటే ఎక్కువ పెట్టెలున్నాయి. పిల్ల ఎక్కం సరిగా చెబితే అక్కడ ఒక్కటి కూడా ఇవ్వరు. బుధవారం మళ్ళీ మూడు ఆర్లు దగ్గర ఆగిపోవాలని దేవుణ్ణి అడిగాను.